ఆడవాళ్లు: సున్నా

ఫిబ్రవరి 2

ఈ సెమిస్టర్ ఆర్కిటెక్చర్ డిజైన్ ప్రాజెక్ట్ ఏమిటో బోర్డు మీద పెట్టారు. పాత బస్టాండ్ ముందున్న ఖాళీ స్థలాన్ని పబ్లిక్ ప్లాజాగా మార్చాలట. నేను లైబ్రరీ వస్తుందని ఆశపడ్డాను. పోనీ మ్యూజియం. నాలుగేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తే చివరికి నా మొహాన బస్టాండ్ కొట్టారు.

నాకు బస్టాండ్ అంటే చిన్నప్పటి నుంచి రోత. అమ్మ సిటీ బస్సు కండక్టర్. ఆమె రూటుకి ఆఖరి స్టాప్ ఆ బస్టాండే. రోజుకి ఆరు ట్రిప్పులు అక్కడికి పోవడం, అక్కడి నుంచి తిరిగి రావడం. ఇంటికొచ్చి యూనిఫాం చొక్కా తలుపు వెనక తగిలిస్తే చాలు, హాలంతా డీజిలు వాసన. ఆ హాల్లోనే నా డ్రాయింగ్ టేబులు. ట్రేసింగ్ పేపరుకి కూడా ఆ వాసన పట్టేస్తుంది.

అమ్మకి చెప్తే మాత్రం తెగ మురిసిపోయింది. మా బస్టాండేనా అంది. తనకేదో రాసిచ్చినట్టు.

ఫిబ్రవరి 4

సైట్ విజిట్. ఇద్దరిద్దరికి ఒక టీము. నా పాలిట పొడుగు పడ్డాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. కంప్యూటర్ మీద బొమ్మలు అద్భుతంగా చేస్తాడు, మిగతా పనులన్నిటికీ ఒళ్లు వంగదు.

ఎక్కడ చూసినా ఉమ్ములు. విరిగిన బెంచీ మీద ఒకాయన నోరు తెరిచి నిద్రపోతున్నాడు, ఈగలు ఆ నోటి చుట్టూ తిరుగుతున్నాయి. బస్సుల కింద నల్లటి నీళ్లు. వీటన్నిటికీ కిరీటం పెట్టినట్టు కుడివైపు మూలన టాయిలెట్ బ్లాక్. గోడ రంగు ఒకప్పుడు పసుపు. దాని కంపు రోడ్డు అవతలి దాకా కొట్టింది. పొడుగు తన టీ షర్టు ముక్కు మీదకి లాక్కుని, నేను చచ్చినా దగ్గరికి పోను అన్నాడు. నేను మాత్రం పోతానా. కొలతలు ఇంటికెళ్లి సాటిలైట్ ఫోటో మీద తీసుకున్నాం. పైనుంచి చూస్తే శుభ్రమైన చిన్న చతురస్రం.

కూల్చేయాల్సిన కట్టడాన్ని మేము చుక్కల గీతతో గీస్తాం. రోడ్డు అవతల నిలబడే ఆ బ్లాక్ చుట్టూ చుక్కలు పెట్టేశాను. ఆ చోట ఫౌంటెన్ వస్తుంది. నా డిజైన్‌లో మొదటి నిర్ణయం అదే. సైట్‌లోకి అడుగైనా పెట్టకముందే.

ఫిబ్రవరి 6

స్కేలు సార్ స్కెచ్ చూశారు. మా స్టూడియో మాస్టారు. చేతిలో ఎప్పుడూ ఒక అడుగు స్టీలు స్కేలు ఉంటుంది. దానితో గీత గీయగా నేనెప్పుడూ చూడలేదు, వీపు గోక్కోవడమే. ఫౌంటెన్ బాగుంది అమ్మాయ్, కానీ ఉన్నదాన్ని కూలుస్తానంటే యూజర్ సర్వే కావాలి అన్నారు. ఎవరు వాడుతున్నారు, ఎంతమంది వాడుతున్నారు. మూడు రోజులు, రోజుకి మూడు పూటలు, నాలుగు వైపుల నుంచీ లెక్క.

సరే సార్ అన్నాను. అందరం అలాగే అంటాం.

ఫిబ్రవరి 9

సర్వే అయిపోయింది. నలభై నిమిషాలు.

బస్టాండ్‌కి ఎదురుగా బేకరీ ఉంది. ఏసీ ఉంది. కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చుంటే టాయిలెట్ ముందు తలుపు తిన్నగా కనిపిస్తుంది. ఇద్దరం చెరో కేకు ముక్క తీసుకుని లెక్కపెట్టాం. మగవాళ్లు ముప్పై ఒక్కరు. వాళ్లలో తొమ్మిది మంది లోపలికి కూడా పోలేదు, గోడ ముందే కానిచ్చారు. ఛీ. వాళ్లని లెక్కలో వేయాలా వద్దా అని పొడుగు నన్ను సీరియస్‌గా అడిగాడు.

ఆడవాళ్లు సున్నా. ఒక్కరంటే ఒక్కరు అటు పోలేదు. పోతారా మరి. ఎవరికి బుద్ధి పుడుతుంది.

ఫిబ్రవరి 10

ఈ రోజు ఆ నలభై నిమిషాల్ని మూడు రోజులు చేశాను.

ఇదొక కళ. సీనియర్లు మాకు నేర్పారు, మేము జూనియర్లకి నేర్పుతాం. మొదటి రోజు లెక్క నీలం పెన్ను. రెండో రోజు నలుపు. మూడో రోజు మళ్లీ నీలమే, కాకపోతే గీరితే గానీ రాయని పెన్ను. అంకెలు అచ్చం ఒకేలా ఉండకూడదు, అటూ ఇటూ రెండు మూడు తేడా. కాగితం నాలుగు మడతలు పెట్టి వెనక జేబులో వేసుకుని కాసేపు కూర్చోవాలి. ఒక మూల టీ చుక్క. సైట్‌లో ఎండకి మాడినట్టు కనిపించాలి. మా బ్యాచ్‌లో ఇలా చేయనివాడు ఒక్కడున్నాడు, వాడికి బి మైనస్ వస్తుంది.

సున్నాకి మాత్రం తేడా అక్కర్లేదు. తొమ్మిది పూటలా తొమ్మిది సున్నాలు చుట్టాను.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి భుజం మీదుగా చూసింది. మూడు రోజులూ మా బస్టాండ్‌లోనే ఉన్నావా, నాకు కనపడలేదే అంది. బేకరీ వైపు ఉన్నానులే అన్నాను. ఎండలో కూర్చోలేదు కదా అంది. లేదన్నాను. అదొక్కటే నిజం.

ఫిబ్రవరి 13

రోజూ పొద్దున్నే అమ్మ వాటర్ బాటిల్ నింపడం నా డ్యూటీ. రెండు లీటర్లది, మూత దగ్గర చీలిన నీలం బాటిల్. కొత్తది కొనుక్కోవే అంటే వినదు. సాయంత్రానికి ఖాళీ చేసి తెస్తుంది. టికెట్ టికెట్ అని అరిచి అరిచి గొంతు ఆరిపోతుందట. నేను ఒకసారి నింపడం మర్చిపోతే, ఒక స్టూడెంట్ దగ్గర అడిగి తాగానంది. ఆ మాటకి నాకు సిగ్గేసింది. నా వయసు పిల్లని అమ్మ నీళ్లు అడుక్కోవడం ఏమిటి.

ఫిబ్రవరి 21

పొడుగు కంప్యూటర్ బొమ్మలు, అదే రెండర్లు, పంపాడు. కళ్లు చెదిరిపోయాయి. బస్టాండ్ బస్టాండ్‌లా లేదు, ఎయిర్‌పోర్టులా ఉంది. ఫౌంటెన్ దగ్గర తెల్ల ప్యాంటు వేసుకున్న అమ్మాయి బెలూన్ పట్టుకుని నవ్వుతోంది. ఒక కుక్క, ఒక సైకిలు, చేతులు పట్టుకున్న జంట. ఈ మనుషుల్ని మేము ఇంటర్నెట్ నుంచి కత్తిరించి అతికిస్తాం. నాలుగేళ్లుగా ప్రతి ప్రాజెక్ట్‌లోనూ వీళ్లే. ఈ బెలూన్ పిల్ల నా ఆసుపత్రి డిజైన్‌లో కూడా ఉంది. ఎవరికీ బరువు సంచులు ఉండవు, ఎవరికీ చెమట పట్టదు, ఎవరికీ ఎక్కడికీ పోవాల్సిన అవసరం రాదు.

ఒక కండక్టర్‌ని పెట్టమని అడిగాను. కటౌట్ దొరకలేదన్నాడు.

మార్చి 6

జ్యూరీ. మా డిజైన్లకి మార్కులేసే రోజు.

అయిదుగురు కూర్చున్నారు. ఒకాయన నిద్రపోయాడు. ఇంకొకాయన ఫౌంటెన్ చుట్టూ చెట్లు గుండ్రంగా ఎందుకు, చతురస్రంగా ఎందుకు కాదు అని పది నిమిషాలు బుర్ర తిన్నాడు. ఒకావిడ నా షీట్ ముందు నిలబడి ఫోనులో తన మొహం చూసుకుంది. వీళ్ల కోసమా నేను వారం రోజులు కంటి మీద కునుకు లేకుండా చచ్చాను అనిపించింది.

అయిదో మనిషి మున్సిపాలిటీ ఇంజినీరు. చొక్కా జేబులో మూడు పెన్నులు, మాట్లాడేముందు దగ్గుతాడు. ఆయన ఫౌంటెన్ వంక కూడా చూడలేదు. తిన్నగా సర్వే చార్ట్ దగ్గరికి వెళ్లాడు. గులాబీ రంగు గడిలో మహిళలు 0 అని ఉన్నచోట వేలు పెట్టి, ఇది నిజమేనా అని అడిగాడు. మూడు రోజులు, తొమ్మిది పూటలు సార్ అన్నాను. ఇలాంటి పని మా ఆఫీసులో కూడా ఎవరూ చేయరమ్మా అని అందరికీ వినపడేలా అన్నాడు. స్కేలు సార్ ఆనందంతో స్కేలు కింద పడేసుకున్నారు.

మార్చి 7

ఎ ప్లస్.

మార్చి 19

నా ప్లాజాని మున్సిపాలిటీ నిజంగానే కడుతుందట! కాలేజీకి లెటర్ వచ్చింది. స్టూడెంట్ డిజైన్ కట్టడం ఇదే మొదటిసారి అని ప్రిన్సిపాల్ దగ్గర నుంచి క్యాంటీన్ దాకా ఒకటే గోల. ఇంజినీరు ఆఫీసుకి పిలిపించి సర్వే షీట్ల మీద సంతకాలు అడిగాడు. సర్వే చేసినవారు అని ఉన్నచోట ప్రతి పేజీలోనూ పెట్టాలి. పొడుగు ఊళ్లో లేడు. నేనే పెట్టాను. మూడు పెన్నుల కాగితాల మీద ఒకే పెన్ను సంతకం.

అమ్మ డిపోలో అందరికీ చెప్పుకుందట. డ్రైవర్లు కూడా కంగ్రాట్స్ చెప్పారట. వాళ్లకెందుకు చెప్పావే అని విసుక్కున్నాను.

ఏప్రిల్ 2, ఉదయం 11

టాయిలెట్ బ్లాక్ కూల్చేశారు. కట్టడానికి టెండరు ఇంకా పిలవలేదు గానీ కూల్చడానికి మిషన్ వచ్చేసింది. రెండు గంటల్లో పని ఖతం. పొడుగూ నేనూ బేకరీలోంచి చూశాం. గోడ పడుతుంటే వాడు చప్పట్లు కొట్టాడు.

వెనకవైపు గోడ కూలేముందు అటు నుంచి ఒక పెద్దావిడ బయటికొచ్చింది. ఒక చేతిలో ప్లాస్టిక్ స్టూలు, ఇంకో చేతిలో బకెట్టు. దుమ్ములో నిలబడి చాలాసేపు చూసింది. అక్కడ ఆవిడకేం పనో.

ఏప్రిల్ 11

ఖాళీ చేసిన చోట ఫ్లెక్సీ కట్టారు. ముప్పై అడుగుల పొడవు, మనిషి కన్నా ఎత్తు. దాని మీద మా రెండరు, బెలూన్ పిల్ల, కుక్క, అన్నీ. కింద నా పేరు. అరచెయ్యంత అక్షరాలు.

అమ్మ బస్సు దిగి దాని ముందు నిలబడి డ్రైవరు చేత ఫోటో తీయించుకుంది. భుజాన బ్యాగు, చేతిలో టికెట్ మిషను, వెనక నా పేరు. ఫోటోలో కళ్లు మూసుకుంది. అయినా అదే ఫోనులో పెట్టుకుంది.

ఏప్రిల్ 16

బాటిల్ నిండుగా తిరిగొచ్చింది. ఎందుకు తాగలేదంటే దాహం వేయలేదంది. ఆ నీళ్లు బ్రష్షులు కడుక్కోవడానికి పోసుకున్నాను.

ఏప్రిల్ 18

మళ్లీ నిండుగానే. తాగనప్పుడు మోసుకుపోవడం దేనికి, నేను నింపడం దేనికి. రోజూ నాకిదొక చాకిరీ.

ఏప్రిల్ 25, సాయంత్రం 6

ఒళ్లు మండిపోతోంది. పోటీకి పంపే ఫైనల్ షీట్ ఆరబెట్టడానికి హాల్లో నేల మీద పరిచాను. అమ్మ తలుపు తీసుకుని, బూట్లు కూడా విప్పకుండా, దాని మీదుగా నడిచి బాత్రూంలోకి పరిగెత్తింది. ఫౌంటెన్ మధ్యలో బూటు అచ్చు. రెండు రోజుల వాటర్ కలర్. నోటికొచ్చినట్టు అరిచాను. కళ్లు కనపడటం లేదా, ఇది బస్సనుకున్నావా, ఇల్లు అనుకున్నావా అన్నాను.

చాలాసేపటికి బయటికొచ్చి, తడిగుడ్డతో తుడవనా అంది. వాటర్ కలర్‌ని తడిగుడ్డతో! నెత్తి కొట్టుకున్నాను.

ఇప్పుడు గుర్తొస్తోంది. ఈ మధ్య రోజూ ఇదే వరస. పొద్దున కాఫీ కూడా మానేసింది. అడిగితే అరగడం లేదంటుంది.

మే 3

అమ్మకి జ్వరం. వణుకుతోంది. దుప్పటి చాలడం లేదు.

మే 4

ఆసుపత్రికి తీసుకెళ్లాను. యూరిన్ ఇన్‌ఫెక్షన్. డాక్టరమ్మ రిపోర్టు చూసి, రోజుకి ఎన్ని నీళ్లు తాగుతారు, ఎన్ని గంటలు ఆపుకుంటారు అని అడిగింది. అమ్మ నా వంక చూసింది. తర్వాత ఫ్యాను వంక చూసింది. డ్యూటీలో కుదరదండి అంది. ఎన్ని గంటలు అని డాక్టరమ్మ మళ్లీ అడిగింది. తొమ్మిది అంది అమ్మ. ఒక్కోసారి పది.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది. ఇది ఇప్పటికే పైకి పాకుతోంది, ఇంకోసారి ఇలా వస్తే కిడ్నీకి దెబ్బ, అప్పుడు నా దగ్గరికొచ్చినా లాభం లేదు అంది. మీ బస్టాండ్‌లో టాయిలెట్ లేదా అని అడిగింది.

ఉండేదండి అంది అమ్మ.

బస్సులో తిరిగొస్తుంటే ఆ ఒక్క ముక్కే చెవిలో మోగుతోంది. ఉండేది. పక్క సీట్లో అమ్మ నిద్రపోతోంది. బస్సులో అమ్మ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మే 5

అడిగాను. అక్కడికి ఆడవాళ్లెవరూ వెళ్లరు కదా, నేను చూశాను కదా అన్నాను. అప్పటికీ నాదే నిజమైనట్టు.

అమ్మ గోడ వైపు తిరిగి పడుకునే చెప్పింది. ఆడవాళ్ల తలుపు వెనకవైపు ఉండేదట. ముందు వైపు మగవాళ్లు నిలబడతారని, బస్సులు ఆగేచోటి నుంచి తిన్నగా రావడానికి వీలుగా వెనక పెట్టారట. అడ్డంగా ఒక గోడ. రోడ్డు మీద నుంచి కనపడదు, కనపడకూడదనే ఆ గోడ. లోపల శుభ్రంగా ఉండేదట. బకెట్టు పెద్దావిడ రోజుకి నాలుగుసార్లు కడిగేదట. పన్నెండేళ్లుగా అమ్మ ట్రిప్పుకి ఒకసారి అక్కడికి వెళ్లేదట.

మరి నాకెందుకు చెప్పలేదు అని అరిచాను. జ్వరంతో ఉన్న మనిషి మీద అరిచాను.

నువ్వు మూడు రోజులు కూర్చుని లెక్కపెట్టావు కదా, నేను లెక్కలో పడలేదేమో అనుకున్నా అంది. పెద్ద చదువుల లెక్కలు నాకేం తెలుసు, ఇంతమంది ఉంటేనే పెట్టాలని ఏదైనా రూలుందేమో అనుకున్నా అంది. అయినా అంత పెద్ద అక్షరాలతో నీ పేరు వేశారు, దాని ముందు నిలబడి ఇదెక్కడికి పోయిందని ఎట్లా అడగను అంది.

తల మోకాళ్ల మీద పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. ఆ బూటు అచ్చు ఇంకా షీట్ మీదే ఉంది.

మే 6, మధ్యాహ్నం 2

సైట్‌కి వెళ్లాను. మొదటిసారి వెళ్లాను అని రాయాలి.

బస్సులు ఆగే చోటి నుంచి నడిచాను, అమ్మ నడిచే దారిలో. కూలిన ఇటుకల మధ్య ఆ అడ్డగోడ మొదలు మిగిలి ఉంది. పన్నెండు అడుగుల పొడవు. ఆ వెనక తెల్ల టైల్స్ ముక్కలు. మగవాళ్ల వైపు కంపంతా చూసి, వెనక ఏముందో చూడకుండా చుక్కలు పెట్టేశాను.

ఫ్లెక్సీ వెనక ఆ పెద్దావిడ అదే స్టూలు మీద కూర్చుని ఉంది. పని పోయినా రోజూ వస్తుందట. ఎందుకు పెద్దమ్మా అంటే, వీళ్లెక్కడికి పోతారు తల్లీ అంది. అప్పుడు చూశాను. ఫ్లెక్సీకీ కాంపౌండు గోడకీ మధ్య రెండడుగుల సందు. నేలంతా తడి, కాగితాలు, ఈగలు. ఒకామె లోపలికి వెళ్తే పెద్దావిడ లేచి ఫ్లెక్సీ అంచు గట్టిగా పట్టుకుంటుంది, గాలికి లేవకుండా. మగవాళ్లటు వస్తే బకెట్టు గోడకేసి కొడుతుంది. ఆపుకోగలిగినవాళ్లు ఆపుకుంటారు, లేనివాళ్లు ఇక్కడికొస్తారు. కండక్టరమ్మలకైతే ఇంకా కష్టం, టికెట్ డబ్బుల బ్యాగు ఎవరి చేతికీ ఇవ్వకూడదు, అందుకని నోరు కట్టేసుకుంటారు అంది.

నేనెవరో ఆవిడకి చెప్పలేదు. వెనక నుంచి చూస్తే ఫ్లెక్సీ మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. నా పేరు నేనే చదవలేకపోయాను. కింద సగం తడిసి ఉంది.

రోడ్డు దాటి బేకరీ ముందు వాంతి చేసుకున్నాను. వాసనకి కాదు.

మే 8

స్కేలు సార్‌కి మొత్తం చెప్పాను. బేకరీ, నలభై నిమిషాలు, మూడు పెన్నులు. ఆయన స్కేలుతో వీపు గోక్కోవడం ఆపలేదు. అందరూ చేసేదేగా అమ్మాయ్ అన్నారు. అంటే ఆయనకి తెలుసు. ఇన్నాళ్లూ మా టీ చుక్కలు చూసి లోపల నవ్వుకున్నారు.

నీ ప్రాజెక్ట్‌ని పెద్ద పోటీకి పంపుతున్నాం, ఇప్పుడు ఇదంతా బయటపెడితే సెమిస్టర్ క్యాన్సిల్ చేస్తారు, ఏడాది పోతుంది, కాలేజీ పరువు పోతుంది అన్నారు. రిపోర్టు చివర సర్వే పరిమితులు అని ఒక పేరా కలుపు చాలు అన్నారు. పరిమితులు! మా అమ్మ పది గంటలు ఆపుకోవడం ఒక పేరా.

పొడుగుకి ఫోన్ చేస్తే నీళ్లు నమిలాడు. సంతకాలు నీవే కదా అన్నాడు. అవును, నావే.

మే 9

ఇంజినీరు దగ్గరికి వెళ్లాను. దగ్గి, కూర్చోమన్నాడు. అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆ చార్ట్ చూసి నేను కూడా సంతోషపడ్డానమ్మా, ఒక టాయిలెట్ నడిపే తలనొప్పి తప్పిందని, అందుకే వెళ్లి చూడలేదు అన్నాడు.

ఫైలు తెరిచి చూపించాడు. కొత్త ప్లాన్‌లో టాయిలెట్ ఎందుకు లేదో ఒకే లైను ఉంది. అవసరం లేనట్లు సర్వేలో తేలినది. దాని పక్కన నా సంతకం. నోటి మాట మీద ఆ లైను కొట్టేయడం కుదరదన్నాడు. పాత సర్వే తప్పని రాతపూర్వకంగా ఇవ్వాలి. అదే మనిషి, అదే చోట, మూడు రోజులు మళ్లీ సర్వే చేసి ఇవ్వాలి. ఇరవయ్యో తారీకున పాత డ్రైనేజీ లైను మూసి, పైన రాళ్లు పరిచేస్తారట. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా అక్కడ టాయిలెట్ రాదన్నాడు.

లెటర్ కాపీ కాలేజీకి పోతుంది, ఆలోచించుకో అన్నాడు.

మే 10

ఆలోచించుకోవడం అనే మాట మీదే అసహ్యం పుట్టింది.

మే 12

అమ్మ సెలవులు అయిపోయాయి. ఇంకో వారం పడుకోమని డాక్టరమ్మ చెప్పినా రేపటి నుంచి డ్యూటీకి పోతానంటోంది. మందుల మీద బాటిల్ నీళ్లు మొత్తం తాగాల్సిందే. తాగితే వెళ్లాల్సిందే. ఎక్కడికి వెళ్లాలో ఇద్దరికీ తెలుసు.

లెటర్ రాశాను. నాలుగుసార్లు చించాను. మొదటి మూడింటిలో అనివార్య కారణాల వల్ల అని ఉంది. నాలుగో దాంట్లో వాసనకి దగ్గరికి వెళ్లలేదు, ఒక పక్క నుంచే చూశాను, మిగతాది కల్పించాను అని రాశాను. అమ్మకి చదివి వినిపించాను. ఏడాది పోతుందట కదా అంది. పోతుందన్నాను. ఆ సంగతి నీకెవరు చెప్పారంటే, పొడుగు ఫోన్ చేశాడంది. నన్ను ఆపమని అడిగాడట.

నువ్వేమన్నావు అన్నాను. రాంగ్ నంబర్ అన్నాను అంది.

వారం రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం.

మే 13

లెటర్ ఇచ్చేశాను. స్టాంపు వేశారు.

మే 14

మొదటి రోజు. వెనకవైపు. ఒకే పెన్ను.

6:05. ఇద్దరు. రోడ్లు ఊడ్చేవాళ్లు. ఒకరు వెళ్తే ఒకరు కాపలా.

6:40. ఒకరు. చంకలో పసిపిల్ల. పిల్లని పెద్దావిడ ఎత్తుకుంది.

7:15 నుంచి 8 దాకా. పద్నాలుగు మంది. ఎక్కువమంది ఆఫీసులు తుడిచేవాళ్లు.

8:20. స్కూలు యూనిఫాంలో అమ్మాయి. వచ్చి, చూసి, ముక్కు మూసుకుని వెళ్లిపోయింది. లెక్కలో వేశాను.

9:30. ఒక ముసలామె. కూర్చోలేకపోయింది. నేను లోపలికి వెళ్లి పట్టుకున్నాను.

10 నుంచి 11 దాకా. ఇరవై ఆరు మంది. నా చెప్పులు తడిశాయి.

11:25. ఒకరు. ఫ్లెక్సీ ముందు వైపు బొమ్మ చూసి, ఇదెప్పుడు కడతారమ్మా అని నన్ను అడిగింది.

11:40. అమ్మ. నీలం బాటిల్ సగం ఖాళీ. పెద్దావిడ అప్పటికే ఫ్లెక్సీ అంచు పట్టుకుని నిలబడింది. అమ్మ భుజం మీది బ్యాగు చూసుకుంది, అటూ ఇటూ చూసింది, నన్ను చూసింది. లేచి చెయ్యి చాపాను. ఇచ్చింది.

ఒళ్లో బ్యాగు పెట్టుకుని రాశాను. నలభై ఏడు.